ఆగకముందే మూత తీయండి

రైస్ మిల్లులో బాయిలరు 30, 40 ఏళ్లు నిలుస్తుంది. చక్కెర ఫ్యాక్టరీలో రోలర్లు అరిగితే కొత్త తొడుగు వేయించి మళ్లీ ఎక్కిస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో తండ్రి కొన్న లేత్ మీద కొడుకు ఇప్పటికీ పని చేసుకుంటున్నాడు. ఇనుముకు అంత ఓపిక. ఆ ఇనుము ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే కంప్యూటరుకు మాత్రం అంత ఓపిక లేదు. పదిపదిహేనేళ్లు తిరిగేసరికి ఆ మోడల్ తయారీ ఆగిపోతుంది. మరో పదేళ్లకు లోపలి కార్డు పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు ఊళ్లో ఒకరిద్దరు మిగులుతారు.

కోటి రూపాయల యంత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. వందల రూపాయల బ్యాటరీ అయిపోయి ప్లాంటు మొత్తం నిలబడిపోతుంది. వచ్చిన సర్వీసు మనిషి ప్యానెల్ వైపు ఒక చూపు చూసి, "ఇది బాగా పాతదండీ, సిస్టం మొత్తం మార్చాల్సిందే" అంటాడు. ఆ మాట నిజమూ కావచ్చు, కాకపోనూ వచ్చు. తేల్చుకోగల సత్తా మీకు ఉండాలి. మీరు మెయింటెనెన్స్‌లో కొత్తగా చేరిన డిప్లొమా కుర్రాడైనా, మిల్లు యజమాని అయినా, ఆ సత్తాను ఎలా సంపాదించుకోవాలో చెప్పడమే ఈ అధ్యాయం పని. దాని సారం ఒక్క వాక్యం: యంత్రం నడుస్తున్న రోజుల్లో దాని గురించి నేర్చుకున్నదే అది ఆగిన రోజున మీకు అక్కరకొస్తుంది.

రెండు ఆయుష్షులు

ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్, 210 మెగావాట్లది, 1979లో మొదలైంది. 800 మెగావాట్ల ఎనిమిదో యూనిట్ 2023లో వచ్చింది. ఒకే ప్రహరీ లోపల 44 ఏళ్ల తేడా. మొదటి యూనిట్ మొదలైన నాటికి ఐబీఎం పీసీ ఇంకా పుట్టలేదు. అది 1981లో వచ్చింది. ఇప్పటికీ మన ప్లాంట్లలో పీఎల్‌సీలు (యంత్రాలను నడిపే కంట్రోల్ కంప్యూటర్లు) మాట్లాడుకునే మోడ్‌బస్ అనే పద్ధతిని మోడికాన్ సంస్థ తెచ్చింది 1979లోనే. సీమెన్స్ వాళ్ల సిమాటిక్ ఎస్5 కూడా ఆ ఏడాదిదే. అలాంటి కేంద్రంలో టర్బైను ఒక తరం చూసేలోపు కంట్రోల్ సామగ్రి రెండు మూడు తరాలు మారిపోతుంది.

తయారీదారులు ఈ సంగతి దాచరు. అలెన్ బ్రాడ్లీ వాళ్ల పీఎల్‌సీ-5 అమ్మకం 2017లో ఆగిపోయింది. సిమాటిక్ ఎస్7-300 అమ్మకాన్ని సీమెన్స్ 2023 అక్టోబరులో ఆపి, స్పేర్లు మాత్రం 2033 వరకు ఇస్తామంది. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. ఇలాంటి తేదీలు ఏళ్ల ముందే తెలుస్తాయి. మన ప్లాంట్లలో ఎక్కువమంది వాటిని వినేది యంత్రం ఆగిన రోజున.

ఇది మన ఒక్కరి కష్టమే అనుకోకండి. 2002లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, స్పేస్ షటిల్ బూస్టర్లను పరీక్షించే సామగ్రి కోసం పాతకాలపు 8086 చిప్పులను ఇంటర్నెట్‌లో వెతికి కొనుక్కుంది. శాన్‌ఫ్రాన్సిస్కో నగర రైళ్ల కంట్రోల్ వ్యవస్థ 1998 నుంచి పాత అయిదుంపావు అంగుళాల ఫ్లాపీల మీద నడిచింది. పాత సామగ్రి ఉండటంలో చిన్నతనం లేదు. దాన్ని గురించి ఏమీ తెలియకపోవడమే ప్రమాదం.

మొదటి ప్రశ్న: ఇది ఆగితే ఏది ఆగుతుంది?

మీ ప్లాంటులో ఉన్న ప్రతి కంప్యూటరు ముందూ నిలబడి ఈ ప్రశ్న వేసుకోండి. జవాబు మూడు రకాలుగా వస్తుంది.

మొదటి రకం కంప్యూటరు కిటికీ లాంటిది. పని చేసేది ప్యానెల్లో ఉన్న పీఎల్‌సీ. పీసీ తెర మీద అంకెలు మాత్రం కనిపిస్తాయి. పీసీ పోతే ఆపరేటరుకు కళ్లకు గంతలు కట్టినట్టవుతుంది కానీ పంపులు తిరుగుతూనే ఉంటాయి. రెండో రకంలో కంప్యూటరే యజమాని. లోపల ఐఎస్ఏ (పాత పీసీ స్లాట్ల రకం) కార్డులు దిగి ఉంటాయి, వాటి నుంచి నేరుగా వాల్వులకు తీగలు వెళ్తాయి. అది ఆగితే అన్నీ ఆగుతాయి. మూడో రకం ఎప్పుడో ఒకసారి మాత్రమే అవసరమయ్యేది: పీఎల్‌సీలోకి ప్రోగ్రాం ఎక్కించే పాత లాప్‌టాప్. బీరువాలో ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. పీఎల్‌సీ జ్ఞాపకం పోయిన రోజున ఊరంతా దాని కోసమే వెతుకుతారు.

కాటా దగ్గరి కంప్యూటరు మొదటి రకంలా కనిపిస్తుంది. కానీ సీజన్‌లో లారీలు బారులు తీరినప్పుడు అది రెండో రకమే. కాబట్టి జవాబును ఏ నెలలో ఉన్నామో చూసుకుని రాయండి. డబ్బు, సమయం ముందు రెండో రకం మీద పెట్టాలి, తర్వాత మూడో దాని మీద. చాలాచోట్ల దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఆఫీసులో కనిపించే తెరకు కొత్త పీసీ వస్తుంది, ప్యానెల్లో ఉన్నది అలాగే ఉండిపోతుంది.

హిస్టరీ పుస్తకం మొదలుపెట్టండి

వార్షిక షట్‌డౌన్‌లో, అధికారం ఉన్నవాళ్లు కరెంటు తీశాక, మూత తీయండి. ఫోన్‌తో ఫొటోలు తీయండి: ప్రతి కార్డు రెండు వైపులా, ప్రతి జంపరు, ప్రతి డిప్ స్విచ్, ప్రతి కనెక్టరు పీకకముందు ఒకటి, పీకాక ఒకటి. రిబ్బన్ కేబుల్‌కు ఎర్ర గీత ఏ వైపు ఉందో కూడా కనిపించాలి. తర్వాత ఒక పొడుగు నోటుపుస్తకంలో ఇవి రాయండి:

• మదర్‌బోర్డు పేరు, ప్రాసెసరు, మెమరీ, బయోస్ తెరల్లోని సెట్టింగులన్నీ. హార్డ్ డిస్క్ సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల అంకెలు మరీ ముఖ్యం.

• ప్రతి కార్డు తయారీదారు, మోడల్, అడ్రసు, ఐఆర్‌క్యూ నంబరు.

• పవర్ సప్లై ఏయే వోల్టేజీలు ఇస్తోంది. కార్డుల్లో ఏదైనా మైనస్ 5 లేదా మైనస్ 12 వోల్టులు వాడుతోందా.

• పీఎల్‌సీ, సీఎన్‌సీ బ్యాటరీల రకం, చివరిగా మార్చిన తేదీ.

• సీరియల్ కేబుళ్లలో ఏ పిన్ను ఏ పిన్నుకు వెళ్తోంది. చాలా ప్లాంట్లలో ఈ కేబుల్ ఎవరో చేత్తో కట్టింది. బజారులో దొరికే కేబుల్ దానికి బదులు పనిచేయదు.

• సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షను, పాస్‌వర్డు, ప్యారలల్ పోర్టుకు తగిలించి ఉన్న డాంగిల్. డాంగిల్ పోతే వేలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. దానికి వైరుతో ఒక చీటీ కట్టండి.

ఈ పుస్తకం మీ సొంతం కాదు, ప్యానెల్ సొంతం. ప్యానెల్ తలుపు లోపలి జేబులో ఒక ప్రతి, ఆఫీసులో ఒక ప్రతి ఉండాలి.

ముందుగా పోయేవి

కంప్యూటరు మొత్తం ఒక్కసారిగా పాడవదు. పోయేవాటికి ఒక వరస ఉంది. ఆ వరస తెలిస్తే సగం బ్రేక్‌డౌన్లు ముందే పసిగట్టవచ్చు.

బ్యాటరీ అన్నిటికన్నా ముందు. పాత పీఎల్‌సీలు, సీఎన్‌సీలు తమ ప్రోగ్రామును, పారామీటర్లను బ్యాటరీ ఆధారంతో గుర్తుపెట్టుకుంటాయి. మెయిన్ కరెంటు ఉన్నంతసేపు బ్యాటరీ మీద భారం ఉండదు. కరెంటు తీసేస్తేనే అది పనిలోకి దిగుతుంది. కృష్ణా డెల్టాలో ఈ విషయం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మన పరిశ్రమల్లో చాలా సీజన్‌వి. ఉయ్యూరు లాంటి చోట్ల చక్కెర ఫ్యాక్టరీలు చెరకు ఉన్న కొద్ది నెలలే నడుస్తాయి. జిన్నింగ్ మిల్లులూ అంతే. మిగతా నెలలు మెయిన్ స్విచ్ తీసి తాళం వేస్తారు. ఆ నెలల్లోనే బ్యాటరీ హరించుకుపోతుంది. సీజన్ మొదటి రోజున పూజ చేసి స్విచ్ వేస్తే తెర మీద ఎర్రర్ వస్తుంది. కనుక బ్యాటరీ మార్చే తేదీ సీజన్ ముగిసే రోజు. సీజన్ మొదలయ్యే రోజు కాదు. ఆఫ్ సీజన్‌లో వారానికి ఒకసారి కొన్ని గంటలు కంట్రోల్ కరెంటు ఇచ్చి ఉంచగలిగితే ఇంకా మంచిది; లోపలి చెమ్మ కూడా ఆరుతుంది.

బ్యాటరీ మార్చే పద్ధతి కూడా తెలియాలి. పారామీటర్లు నిలబడాలంటే కంట్రోల్‌కు కరెంటు ఉండగానే మార్చాలి. ఫానుక్ కంట్రోల్ ఉన్న పాత సీఎన్‌సీల్లో ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి ఉంచి, కంట్రోల్ ఆన్‌లో ఉండగా పాత సెల్లు తీసి కొత్తవి వేస్తారు. ఆ అలవాటు తెలియనివాళ్లు జాగ్రత్త అనుకుని ముందు కరెంటు తీసేస్తారు. యంత్రం అంతా మరిచిపోతుంది. మీ మోడల్‌కు మాన్యువల్ ఏం చెబుతోందో చూసి, కరెంటున్న ప్యానెల్ మీద పని చేయడానికి అర్హత ఉన్నవాళ్ల చేతే చేయించండి.

తర్వాత ఫ్యాను, దాని వెంటనే పవర్ సప్లైలోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో అందరూ పాటించే లెక్క. మే నెలలో విజయవాడలో బయట 45 డిగ్రీలుంటే మూసిన ప్యానెల్ లోపల ఎంతుంటుందో ఆలోచించండి. పది రూపాయల ఫిల్టరు గుడ్డ ఉతకకపోవడం వల్ల పోయిన పవర్ సప్లైలు లెక్కలేనన్ని. కెపాసిటరు నెత్తి ఉబ్బినా, అడుగున తేమ కనిపించినా ఆ బోర్డు మీకు గడువు చెబుతోందని అర్థం.

ఆపైన హార్డ్ డిస్క్. తిరిగే డిస్కుకు ఆగి ఉండటం కూడా ప్రమాదమే. నెలల తరబడి కదలకుండా ఉన్నది మళ్లీ తిరగనని మొరాయిస్తుంది. చివరగా కాంటాక్టులు. రైస్ మిల్లుల్లో ఊక దుమ్ము, తవుడు జిడ్డు, కైకలూరు వైపు చేపల, రొయ్యల మేత ప్లాంట్లలో నూనె పట్టిన పొడి, మచిలీపట్నం వైపు ఉప్పుగాలి. ఇవి కార్డు పళ్ల మీద పేరుకుని అప్పుడప్పుడు మాత్రమే కనిపించే జబ్బులు తెస్తాయి. "కార్డు పాడైంది" అని పక్కన పడేసిన వాటిలో చాలా వరకు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ దింపితే పనిచేస్తాయి. కంప్రెసరు గాలితో ఊదకండి. అందులో నీటి తుంపర ఉంటుంది. ఇక చీమలు, బల్లులు, ఎలుకల సంగతి మన వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. కేబుల్ వచ్చే ప్రతి కన్నానికీ గ్లాండు బిగించండి.

సరిపోవడం అంటే

పోయిన భాగం చోట ఏది పెడితే సరిపోతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. 2024 సెప్టెంబరు 1న వచ్చిన వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను ఢీకొన్నాయి. 1950ల నాటి కట్టడం అది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు పర్యవేక్షణలో, కొద్ది రోజుల్లోనే, దెబ్బతిన్నవి తీసి కొత్తవి అమర్చారు. కౌంటర్ వెయిట్ పని బరువు తూగడం. బరువు సరిగా ఉండాలి, ఆ చోటులో పట్టాలి, గేటుతో కలిసి కదలాలి. ఈ మూడూ కుదిరితే 1950ల నాటిదే వెతికి తేవాల్సిన పని లేదు.

కంప్యూటరు భాగానికీ అవే మూడు కొలతలు: ఆకారం, అమరిక, పని. నాలుగోది ఒకటి కలపండి: వేగం. అమ్మేవాళ్లు కంపాటిబుల్ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. మీరు నాలుగు ప్రశ్నలూ విడివిడిగా అడగాలి.

డిస్కుతో మొదలుపెడదాం. పాత ఐడీఈ హార్డ్ డిస్కుకు బదులు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టడం మంచి మార్గం. ఆ కార్డు లోపలే ఐడీఈ భాష ఉంటుంది కనుక చిన్న అడాప్టరు చాలు. తిరిగే భాగం లేదు, అదురుకు భయం లేదు. కానీ 1990ల మొదట్లో వచ్చిన చాలా బయోస్‌లు 504 మెగాబైట్లు దాటిన డిస్కును పూర్తిగా గుర్తించవు. డాస్‌లో ఒక ఎఫ్ఏటీ16 పార్టిషన్ 2 గిగాబైట్లు దాటదు. 64 గిగాబైట్ల కార్డు చవగ్గా దొరికిందని తెస్తే పనికిరాదు. విండోస్ ఉన్న పీసీకి కార్డు ఫిక్స్‌డ్ డిస్క్‌గా కనపడాలి. కెమెరాల కోసం చేసినవి చాలావరకు తీసేసే డిస్కుగా కనపడతాయి. పరిశ్రమల కోసం చేసిన కార్డులే అడగండి.

ఫ్లాపీ డ్రైవుకు బదులు యూఎస్‌బీ పెన్‌డ్రైవు పెట్టుకునే ఎమ్యులేటర్లు వస్తున్నాయి. అదే 34 పిన్నుల కేబుల్, అదే పరిమాణం. అయితే కొన్ని యంత్రాలు పీసీ పద్ధతికి భిన్నంగా పిన్నులు వాడతాయి. జంపరు మార్చుకునే వీలున్నదే కొనండి.

పవర్ సప్లై దగ్గర ఆదరాబాదరా పనికిరాదు. 1995కు ముందరి ఏటీ సప్లైలకు మదర్‌బోర్డు దగ్గర రెండు కనెక్టర్లుంటాయి. నల్ల తీగలు రెండు వైపులవీ మధ్యలో పక్కపక్కన రావాలి. తారుమారైతే బోర్డు కాలిపోతుంది. కొత్త ఏటీఎక్స్ సప్లైల్లో మైనస్ 5 వోల్టులు ఉండవు. పాత ఐఎస్ఏ అనలాగ్ కార్డు ఒకటి దాన్ని కోరుతుంటే పీసీ చక్కగా బూట్ అవుతుంది, రీడింగులు మాత్రం తప్పు వస్తాయి. అలా తప్పు అంకెలు చూపిస్తూ నడిచే యంత్రం, పూర్తిగా ఆగిన యంత్రం కన్నా ప్రమాదం.

మదర్‌బోర్డు విషయానికొస్తే, ఐఎస్ఏ స్లాట్లు మామూలు పీసీల నుంచి 2000 ప్రాంతంలో మాయమయ్యాయి. పరిశ్రమల కోసం ఐఎస్ఏ స్లాట్లతో ఇప్పటికీ బోర్డులు తయారవుతున్నాయి. వాటిలో కొన్ని ఐఎస్ఏను బ్రిడ్జ్ చిప్పు ద్వారా ఇస్తాయి. మీ కార్డు డీఎంఏ వాడేదైతే అలాంటి బోర్డు మీద మొరాయించవచ్చు. ఎక్స్‌పీ ఉన్న డిస్కును వేరే చిప్‌సెట్ బోర్డుకు తగిలిస్తే నీలం తెర రావడం మామూలే. అదే చిప్‌సెట్ ఉన్న బోర్డు ముందే సంపాదించుకోవడం అన్నిటికన్నా తేలిక.

ఇక వేగం. పాత టర్బో పాస్కల్‌లో రాసిన ప్రోగ్రాములు చాలా వాటిని వేగమైన ప్రాసెసరు మీద వేస్తే మొదట్లోనే 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అని ఆగిపోతాయి. కాలం లెక్కించుకునే చోట ప్రాసెసరు ఊహించనంత వేగంగా ఉండటమే కారణం. సీరియల్ పోర్టు లేదని యూఎస్‌బీ కన్వర్టరు తగిలిస్తే మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది. కొన్ని పాత ప్రోగ్రాములు ఆ ఆలస్యాన్ని తట్టుకోలేక లింకు తెంపేస్తాయి. పరిశ్రమల్లో కొత్తది ఎక్కువ వేగంగా ఉండటం ఎప్పుడూ లాభం కాదు. పాతది అడిగినంతే ఇవ్వాలి.

కాపీ లేనిదే స్పేరు లేదు

హార్డ్‌వేర్ బజారులో దొరుకుతుంది. మీ ప్లాంటు ప్రోగ్రాము మాత్రం ప్రపంచంలో మీ దగ్గరే ఉంది. డిస్కును సెక్టారు సెక్టారుగా ఇమేజ్ తీయండి. ఫైళ్లు లాగి పెట్టుకుంటే చాలదు, అది బూట్ కాదు. పీఎల్‌సీ ప్రోగ్రామును, సీఎన్‌సీ పారామీటర్లను వేరేగా తీసి కాగితం మీద కూడా ప్రింటు వేయండి. పీఎల్‌సీ నుంచి వెనక్కి తీసిన ప్రోగ్రాములో చాలా సిస్టంలలో వ్యాఖ్యలు, పేర్లు రావు. ఏ ఇన్‌పుట్ ఏ లిమిట్ స్విచ్చో చెప్పే ఆ పేర్లు అసలు ప్రాజెక్టు ఫైలులోనే ఉంటాయి. కనుక యజమానులు గుర్తుంచుకోవాల్సిన మాట: కొత్త యంత్రం కొనేటప్పుడే ప్రాజెక్టు ఫైలు, పాస్‌వర్డు చేతికిచ్చాకే చివరి చెల్లింపు అని ఒప్పందంలో రాయించుకోండి. ఏళ్ల తర్వాత అడిగితే ఇచ్చే మనిషి ఆ కంపెనీలో ఉండడు, ఒక్కోసారి ఆ కంపెనీయే ఉండదు.

మూడు కాపీలు ఉండాలి, ఒకటి ప్లాంటు బయట ఉండాలి. 2024లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటప్పుడు యంత్రం, దాని స్పేరు, దాని కాపీ మూడూ ఒకే గదిలో నేల మీద ఉంటే మూడూ కలిసి మునుగుతాయి. స్పేర్ల బీరువా నేల నుంచి ఎత్తులో పెట్టండి.

తీసిన కాపీని స్పేరు డిస్కు మీద వేసి, షట్‌డౌన్‌లో ఒకసారి నిజంగా నడిపి చూడండి. పరీక్షించని కాపీని కాపీ అనుకోకండి.

ఎక్కడ కొనాలి

మొదట తయారీదారుని అడగండి, రాతపూర్వకంగా. అమ్మకం ఆపాక కూడా స్పేర్లు ఇస్తూంటారు, మరమ్మతు చేసి మార్పిడి కింద ఇచ్చే పద్ధతీ ఉంటుంది. తర్వాత, మీలాంటి యంత్రమే ఉండి ఇప్పుడు కొత్తదానికి మారుతున్న ఫ్యాక్టరీలు. జగ్గయ్యపేట సిమెంటు ప్లాంట్ల నుంచి కొండపల్లి దాకా, ఎక్కడ ఆధునీకరణ జరుగుతున్నా పాత ప్యానెళ్లు బయటికొస్తాయి. స్క్రాప్ కాటాకు ఎక్కకముందే ఒక ఫోన్ చేయగల స్నేహం ఉంటే ఆ కార్డులు మీవే. మెయింటెనెన్స్ వాళ్ల మధ్య ఈ స్నేహం ఏ స్టోర్స్ రూముకూ తీసిపోదు. వేరే ఫ్యాక్టరీ వాళ్లకు అర్ధరాత్రి కార్డు అవసరమైతే మీరూ ఇవ్వండి.

పాత చిప్పులను కొత్తవాటిలా అచ్చు కొట్టి అమ్మేవాళ్లున్నారు. కొన్న రోజే యంత్రంలో పెట్టి నడిపించి చూడండి. పరీక్షించి, తేదీ రాసి, యాంటీస్టాటిక్ సంచిలో సిలికా జెల్‌తో కట్టిపెట్టినదే స్పేరు. ఏడాదికోసారి దాన్ని బయటికి తీసి కరెంటు ఇవ్వండి.

ఎప్పుడు వదిలేయాలి

పాతదాన్ని నిలబెట్టడం ఒక నేర్పు. ఎక్కడ ఆపాలో తెలియడం అంతకన్నా పెద్ద నేర్పు. మూడు సందర్భాల్లో మొండితనం వద్దు.

ఒకటి, ప్రాణాలకు సంబంధించిన చోట. బాయిలరు మంట, నీటి మట్టం, ఐస్ ప్లాంట్లలో, రొయ్యల శుద్ధి కేంద్రాల్లో అమ్మోనియా. ఇక్కడి రక్షణ ఇంటర్‌లాకులు పాత పీసీ మీద ఆధారపడకూడదు. అవి విడిగా, తీగలతోనే పనిచేయాలి, నిర్ణీత కాలానికి పరీక్ష జరగాలి. సరిపోతుందేమో అనిపించే భాగాన్ని ఇక్కడ పెట్టవద్దు.

రెండు, నెట్‌వర్కు. 2017 మే నెలలో వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మద్దతు ఆగిపోయిన విండోస్ ఉన్న కంట్రోల్ కంప్యూటరును ఆఫీసు నెట్‌వర్కుకు కలపవద్దు. దాని యూఎస్‌బీ రంధ్రాలకు తాళం వేయండి. పెన్‌డ్రైవ్‌లో సినిమా తెచ్చే నైట్ షిఫ్టు కుర్రాడి మీద కోప్పడటం కన్నా అది తేలిక. రిపోర్టుల కోసం కలపక తప్పదనుకుంటే అది మార్పుకు గుర్తు.

మూడు, స్పేరు దొరకడానికి పట్టే కాలం ప్లాంటు భరించగల కాలాన్ని మించినప్పుడు. సీజన్‌లో రెండు రోజులు ఆగితే రైతు చెరకు ఎండుతుంది. స్పేరు రావడానికి 20 రోజులు పడుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి యజమాని ముందు పెట్టండి. భయపెట్టి కొనిపించేవాడి మాట కన్నా మీ లెక్కకు విలువ ఎక్కువ. మార్చేటప్పుడు కూడా ఆఫ్ సీజన్‌లో, పాతదాన్ని పక్కన సిద్ధంగా ఉంచుకుని మార్చండి.

చేతికొచ్చిన విద్య

1978లో ఐబీఎం భారతదేశం నుంచి తప్పుకుంది. దేశంలో 800కు పైగా చోట్ల ఉన్న దాని యంత్రాల నిర్వహణను ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ నెత్తికెత్తుకుంది. ఆ సంస్థ పూర్తి పేరే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. తయారీదారు వెళ్లిపోయిన యంత్రాలను మన ఇంజినీర్లు నడిపించారు. అంతకుముందే, ఏ.ఎస్. రావు నాయకత్వంలో 1967లో హైదరాబాద్‌లో పుట్టిన ఈసీఐఎల్ సొంతంగా టీడీసీ కంప్యూటర్లను తయారుచేసింది. ఈ నేలకు ఈ విద్య కొత్త కాదు.

అయినా మెయింటెనెన్స్ పనిని మనం చిన్నచూపు చూస్తాం. కుర్రాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఇష్టపడతారు, పాత ప్యానెల్ అంటే శిక్ష అనుకుంటారు. లెక్క వేరుగా చూడండి. కొత్త సిస్టం తెలిసినవాళ్లు వేలల్లో ఉన్నారు. డాస్, ఎస్5, ఆర్ఎస్-232 తెలిసినవాళ్లు ఏటా రిటైరవుతున్నారు, వాళ్ల చోట కొత్తవాళ్లు రావడం లేదు. పాతా కొత్తా రెండూ తెలిసి, ఒకదాన్నించి మరోదానికి ప్లాంటును దాటించగలిగినవాడికి ఏ మేనేజరూ కాదనలేని విలువ ఉంటుంది.

మీ ప్లాంటులో 30 ఏళ్లుగా ఉన్న ఆపరేటరు ఒకరు ఉండే ఉంటారు. "చలికాలంలో దీన్ని రెండుసార్లు స్టార్ట్ చేయాలి బాబూ" అని ఆయన అంటే నవ్వకండి. ఎందుకో అడగండి, "బాబాయ్, మొదటిసారి తెర మీద ఏం కనపడుతుంది?" అని కూర్చోబెట్టి అడగండి. ఆ మాట వెనక ఎండిపోతున్న కెపాసిటరు ఉండవచ్చు. ఆయన చెప్పింది, ఆయన పేరుతో సహా, హిస్టరీ పుస్తకంలో రాయండి. పేరు చూసుకున్న మనిషి ఇంకో పది సంగతులు చెబుతాడు.

చేయాల్సిన పనులు

ఈ వారం: ప్లాంటులోని కంప్యూటర్లన్నిటి జాబితా రాసి, ఒక్కొక్కటి ఏ రకమో ఎదురుగా గుర్తు పెట్టండి. బ్యాటరీలు చివరిగా మార్చిన తేదీలు వెతకండి. తేదీ దొరకకపోతే గడువు దాటిందనే అనుకోండి.

ఈ నెల: రెండో రకం కంప్యూటరు ఒక్కదానికి ఫొటోలు, హిస్టరీ పుస్తకం, డిస్కు ఇమేజ్ పూర్తిచేయండి. ఫిల్టర్లు ఉతికించండి. డాంగిల్‌కు చీటీ కట్టండి.

ఈ షట్‌డౌన్‌లో: కాపీని స్పేరు డిస్కు మీద నడిపి చూడండి. పవర్ సప్లై వోల్టేజీలు కొలిచి రాయండి. ఉబ్బిన కెపాసిటర్లున్న బోర్డులు బాగుచేతకు పంపండి.

ఈ ఏడాది: ఒక్కో సిస్టంకు తయారీదారు ఇచ్చిన ముగింపు తేదీలు సేకరించి, ఏది ఏ ఏడాది మార్చాలో ఒక పేజీలో యజమానికి ఇవ్వండి. మీ తర్వాత ఆ ప్యానెల్ చూడబోయే కుర్రాణ్ని పక్కన పెట్టుకుని ఈ పనులన్నీ ఒకసారి అతని చేత చేయించండి.

వీటిలో దేనికీ పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, పై అధికారి ప్రత్యేక అనుమతి కోసం నెలలు ఎదురుచూడాల్సినవీ తక్కువే. రేపు షిఫ్టుకు వెళ్లేటప్పుడు జేబులో ఒక చిన్న పుస్తకం, పెన్ను పెట్టుకెళ్లండి. మొదటి పేజీ మీద మీ ప్లాంటులోని అతి పాత కంప్యూటరు పేరు రాయండి. మిగతాది అక్కణ్నుంచి మొదలవుతుంది.